పెద్దవాళ్లు కూర్చునే చోట ఏఐని మధ్యలో పెడితే: ఏ పని పట్టుకోవాలి, ఎక్కడ చెడుతుంది?

తుంగభద్రగట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ కింద హాల్లో వారానికి రెండు సాయంత్రాలు ఐదు నుంచి ఏడుగురు పెద్దవాళ్లు కూర్చుంటారు. అందరూ అరవై ఐదు దాటినవాళ్లే. సగం మంది ఇంట్లో ఒక్కరే ఉంటారు, పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్నారు. ఫోన్లో తెలుగు మాట్లాడే ఏఐని మధ్యలో పెట్టి అందరితో కలిపి ఏదైనా పని చేయించాలని ఆలోచన. ఒక్కొక్కరికీ ఒక్కో ఫోన్ ఇచ్చి ‘దీంతో మాట్లాడుకోండి’ అనడం మాకు ఇష్టం లేదు. ఏ పని అయితే నిలబడుతుంది? ఎంతసేపు పెట్టాలి? తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి.

పెన్నాతీరం (కడప)

అన్నా, ముందు ఏఐకి ఏ పాత్ర ఇస్తారో తేల్చుకోండి. మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

మామూలుగా దాన్ని చెప్పేవాడిగా కూర్చోబెడతారు. కథ చెప్పు, పొడుపుకథ వెయ్యి, ఈరోజు విశేషాలు చెప్పు అంటారు. అప్పుడు ఏడుగురూ టీవీ చూసినట్టు ఫోన్ వైపే చూస్తుంటారు, పక్కనున్న మనిషితో పని ఉండదు. తిప్పి పెట్టండి. ఏఐ నేర్చుకునే పిల్లోడు, చెప్పేవాళ్లు పెద్దవాళ్లు. ఒంటిగా ఉండే మనిషిని ఎక్కువ కుంగదీసేది తనను ‘ఇదెట్లా?’ అని అడిగేవాళ్లు లేకపోవడం. అడిగే నోరు ఒకటి మధ్యలో ఉంటే ఒకరు చెప్తారు, పక్కావిడ ‘అట్లా కాదక్కా, మా ఊళ్లో వేరే’ అంటుంది. ఆ దిద్దుబాటు దగ్గరే ఇద్దరికీ మాట కలుస్తుంది.

పొడుపుకథలు తీసుకోండి. ఏఐని వెయ్యమంటే ఎక్కడినుంచో తర్జుమా చేసి తెచ్చినట్టు చప్పగా ఉంటాయి, విప్పు కూడా సరిగ్గా అతకదు. అదే పెద్దవాళ్లు వేసి దాన్ని విప్పమంటే నాలుగుసార్లు తప్పుతుంది. ఒక్కో తప్పుకు ఒకరు ఒక్కో ఆనవాలు ఇవ్వాలని నియమం పెట్టండి. పది పొడుపులకు అరగంట పడుతుంది, అందరికీ వంతు వస్తుంది.

మొదట్లో ఇవ్వాల్సిన సూచన ఇట్లా ఉంటే చాలు:

“నువ్వు ఇక్కడ నేర్చుకునేవాడివి. మేం ఆరుగురం, కర్నూలు వాళ్లం. ఒకసారికి ఒక్క ప్రశ్నే అడుగు. రెండు వాక్యాలు దాటొద్దు. ఒకరు చెప్పాక ఇంకొకరిని పేరు పెట్టి ‘మీ ఇంట్లో ఎట్లా చేస్తారు?’ అని అడుగు. తెలియనిది తెలియదను. మందుల గురించి, డబ్బుల గురించి సలహా ఇవ్వొద్దు. చావు, వరద, ఇంటి గొడవ మాట వస్తే ప్రశ్నలు ఆపి మేం చెప్పేదాకా ఊరుకో.”

ఆఖరి వాక్యం కర్నూలు వాళ్లకు తప్పనిసరి. పాత జ్ఞాపకాలు కదిలిస్తే 2009 అక్టోబరు వరద రాకుండా ఉండదు. సూచన లేకపోతే ఏఐ ‘అప్పుడు మీకేమనిపించింది? ఇంకా చెప్పండి’ అని తవ్వుతూనే ఉంటుంది. ఎదుటి మనిషి కళ్లలో నీళ్లు దానికి కనపడవు.

ఈ సూచనను కాగితం మీద రాసిపెట్టుకుని ప్రతి సాయంత్రం కొత్త సంభాషణ తెరిచి ఇవ్వండి. పాతదాన్నే పొడిగిస్తూ పోతే మొదట చెప్పింది మెల్లగా పక్కకు పోతుంది, నాలుగో రోజుకు మళ్లీ పేరాలు పేరాలు చెప్తుంది.

కేసీకాలువ (కర్నూలు)

మాట సంగతి పెన్నాతీరం చెప్పినారు, నేను శబ్దం సంగతి చెప్తా. సగం చోట్ల ఇది శబ్దం దగ్గరే చెడుతుంది.

గూగుల్ ఏఐతో నోటితో మాట్లాడే జెమినీ లైవ్‌కు 2024 అక్టోబరులో తెలుగు ప్రకటించినారు. చాట్‌జీపీటీ గొంతు సంభాషణలో కూడా తెలుగు నడుస్తుంది. ఏది వాడినా ముందు మాట భాషను తెలుగుకు మార్చుకోండి, లేకుంటే మొదటి రెండు మాటలను హిందీగా పట్టుకుని ఆ దారినే పోతుంది.

పెద్దవాళ్లు మాట మధ్యలో ఆగుతారు. పేరు గుర్తుకు రాక రెండు మూడు సెకన్లు ఆలోచిస్తారు. ఆ మౌనాన్ని ఏఐ ‘ముగిసింది’ అనుకుని మధ్యలో దూరుతుంది. రెండుసార్లు అట్లా జరిగితే ఆ మనిషి మళ్లీ నోరు తెరవరు. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, లైవ్ వదిలేసి కీబోర్డు మీది మైకుతో చెప్పించి, మాట పూర్తయ్యాక పంపడం. నిదానంగా నడుస్తుంది గానీ ఎవరి మాటా తెగదు. డెబ్బై ఐదు దాటినవాళ్లుంటే ఇదే మేలు. రెండోది, ‘నేను సరే అనేదాకా మాట్లాడొద్దు’ అని ఏఐకి చెప్పడం. వింటుంది గానీ ప్రతిసారీ వినదు, దీని మీద ఆధారపడొద్దు.

బ్లూటూత్ స్పీకర్ పెడితే ఇంకో చిక్కు. స్పీకర్‌లోంచి వచ్చే తన గొంతునే ఫోన్ మళ్లీ విని, ఎవరో మాట్లాడుతున్నారనుకుని మధ్యలో ఆగిపోతుంది. స్పీకర్ శబ్దం సగానికి తగ్గించి, ఫోన్‌కు కనీసం నాలుగడుగుల దూరం పెట్టండి. వినికిడి తక్కువున్నవాళ్ల పక్కన స్పీకర్, మాట్లాడేవాళ్ల ముందు ఫోన్. సీలింగ్ ఫాన్ సరిగ్గా కింద కూర్చోవద్దు.

ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలనూ కలిపి ఒక వాక్యం చేసుకుంటుంది. చేతికి ఒక గుండ్రాయో చెంబో ఇచ్చి, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలనండి. కుర్చీలు వరసగా వద్దు, గుండ్రంగా వేసుకోండి. ఫోన్ మధ్యలో తక్కువ ఎత్తు స్టూలు మీద ఉంటే మనుషుల ముఖాలు ఎదురెదురుగా ఉంటాయి.

బుడ్డలచేను (అనంతపురం)

యాసతోనే ఒక సాయంత్రం గడుస్తుంది, దాన్ని వదులుకోవద్దండి. ‘బుడ్డలు’ అంటే వేరుశనక్కాయలని దానికి ప్రతిసారీ తట్టదు. బొరుగులు అంటే ఒకసారి సరిగ్గా మరమరాలు అంటుంది, ఇంకోసారి ఇంకేదో అంటుంది. పెద్దవాళ్లను రోజుకు పదిహేను మాటలు నేర్పమనండి. ఒక్కో మాటకు అర్థం, ఆ వస్తువు ఎట్లుంటుందో ఒక వాక్యం, ఆ మాట వాడే ఒక సందర్భం. ఆఖర్లో ఆ పదిహేనూ ఏఐతో పట్టికగా రాయించి, తప్పులు దిద్దించి, పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి గోడకు అంటించండి.

కర్నూలు, కడప పాతబస్తీల్లో ఇంట్లో దక్ఖనీ ఉర్దూ మాట్లాడే పెద్దవాళ్లుంటారు. వాళ్లు ‘నక్కో’ (వద్దు) అన్నా ‘హౌ’ (అవును) అన్నా ఏఐ పుస్తకాల హిందీలో జవాబిస్తుంది, తెలుగువాళ్లు బయట పడిపోతారు. ‘ఎవరు ఏ భాషలో చెప్పినా జవాబు తెలుగులోనే’ అని సూచనలో చేర్చండి. ఆదోని వైపు, మడకశిర వైపు కన్నడం కలిసినా ఇదే మందు.

రెండో పని వంట. వంటలో చేతులు కదులుతాయి, వాసన వస్తుంది, ఆఖర్న కలిసి తింటారు. మొదటిదానికి ఉగ్గాని పెట్టుకోండి. పొయ్యి పని తక్కువ, ఆరుగురికీ తలా ఒక పని దొరుకుతుంది.

ఆరుగురికి అరకిలో బొరుగులు, నాలుగు ఉల్లిపాయలు, పది పచ్చిమిరపకాయలు, ఒక గ్లాసు పుట్నాలు, గుప్పెడు ఎండుకొబ్బరి, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు నిమ్మకాయలు, పసుపు, కరివేపాకు. పుట్నాలు, కొబ్బరి, వెల్లుల్లి కలిపి పొడి కొట్టి పక్కన పెట్టుకోవాల. బొరుగులు నీళ్లలో ముంచి ఒకటి రెండు నిమిషాల్లో తీసి గట్టిగా పిండాల. ఏఐని వదిలేస్తే ఐదు, పది నిమిషాలు నానబెట్టమంటుంది, అప్పుడు అది ముద్దైపోతుంది. తాలింపులో ఉల్లి, మిర్చి మగ్గినాక పసుపు వేసి, బొరుగులు కలిపి, దించే ముందు పొడి చల్లి, దించినాక నిమ్మకాయ పిండాల. పొడి ముందే వేస్తే అడుగంటుతుంది.

ఇక్కడ కూడా ఏఐ అడిగేవాడే. ‘ఇప్పుడేం చేస్తున్నారు? పిండేది ఎందుకు?’ అని అది అడగాల, చేసేవాళ్లు చెప్పాల. మెట్టు అయిందనేదాకా ముందుకు పోవద్దని చెప్పండి. ఫోన్‌ను పొయ్యికి దూరంగా, తడిచేతులకు అందనంత దూరంగా పెట్టి, దాన్ని ముట్టుకునే బాధ్యత ఒక్కరికే ఇవ్వండి. ఉప్పు ఎంత, షుగర్ ఉన్నవాళ్లు ఎంత తినాల అనేది దాన్ని అడగొద్దు.

దేవునిగడప (కడప)

మా కడపలో వేమన పద్యాలు సేకరించిన సి.పి. బ్రౌన్ పేరు మీద గ్రంథాలయం ఉంది కాబట్టి చెప్పడం కాదు, పెద్దవాళ్లకు పద్యానికి మించిన పని దొరకదు. వేమన పద్యాలు చాలామందికి నోటికి వచ్చి ఉంటాయి. ఏఐకి సరిగ్గా రావు. రెండు పద్యాల పాదాలు కలిపేస్తుంది, లేదా సొంతంగా అల్లి చివర మకుటం తగిలించి ధైర్యంగా చెప్తుంది. ‘కల్పించి చెప్పొద్దు’ అన్నా కల్పిస్తుంది. అందుకని దాన్ని పద్యం చెప్పమని అడిగి, తప్పు పట్టుకోవడాన్నే ఆటగా పెట్టండి.

పట్టుకోవడానికి ఒక కొలబద్ద ఉంది. వేమన పద్యాల్లో ఎక్కువ భాగం ఆటవెలదులు. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు ఐదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే, గలం, నగణం. గలం అంటే ఒక గురువు, ఒక లఘువు. నగణం అంటే మూడు లఘువులు. మకుటాన్నే చూడండి: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. మొదటి మూడూ గలాలు, ‘వినుర’ మూడు లఘువులు, ‘వేమ’ మళ్లీ గలం. నాలుగో గణం ‘వి’తో మొదలై పాదం మొదటి ‘వి’తో యతి కుదిరింది. దీన్ని పలక మీద ఒక్కసారి విడదీసి చూపిస్తే లెక్క అందరికీ అర్థమవుతుంది, ఆ తర్వాత ఏఐ ఇచ్చిన పాదాలను చప్పట్లతో కొలిపించండి. గురువుకు చేయి చాపి చప్పట, లఘువుకు వేలితో తట్టు. గణాలు తెలియని వాళ్లకు కూడా చెవి చెప్పేస్తుంది, తప్పిన చోట చప్పట తడబడుతుంది.

ఏఐనే గణవిభజన చేయమని అడగొద్దు. అక్షరాలు లెక్కపెట్టడంలో అది బాగా బలహీనం. తెలుగు అక్షరాలను అది ముక్కలు ముక్కలుగా చదువుతుంది, ఒత్తు ఎక్కడుందో, దాని ముందు అక్షరం గురువవుతుందో లేదో నమ్మకంగా చెప్పలేదు.

చెక్కభజన పాటలు, కోలాటం పాటలు కూడా దాన్ని పాడమని అడగొద్దు. పాడినవాళ్ల నోటినుంచి రాసుకునే పని ఇవ్వండి.

హంద్రీఒడ్డు (కర్నూలు)

అష్టాచెమ్మా ఆడించొచ్చా? ఏఐని నాలుగో ఆటగాడిగా పెడితే?

గుత్తికోట (అనంతపురం)

ఆడించొచ్చు తమ్ముడూ, పటం మాత్రం దాని బుర్రలో పెట్టొద్దు. పావులు ఎక్కడున్నాయో నాలుగైదు వంతుల తర్వాత కలిపేస్తుంది, చచ్చిన పావును మళ్లీ నడిపిస్తుంది.

పటం 25 గళ్లు. బయటి వరసలో 16, లోపలి వరసలో 8, నడుమ ఒకటి. ఏఐ ఇంటిగడిని 0 అనుకుని బయటి గళ్లను 15 దాకా, లోపలివి 16 నుంచి 23 దాకా, నడిమిది 24 అని సుద్దముక్కతో అంకెలు రాసుకోండి. గవ్వలు మనుషులే వెయ్యాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. రెండింటికీ మళ్లీ వేసే వంతు ఉంది. ప్రతి వంతులో ఏఐకి మొత్తం స్థితి చదివి వినిపించాలి: ‘నీ పావులు 3, 7, ఇంట్లో రెండు. నీకు మూడు పడింది. ఏది నడుపుతావు?’ అంతే. అది ఒక అంకె చెప్తుంది, పక్కన కూర్చున్నవాళ్లు పావు కదుపుతారు. ఎదురింటివాళ్ల అంకెల్లో లెక్క మారుతుంది. బయటి వరసలో ఏఐ 3 అన్న గడి, ఎదుటి మనిషి ఇంటినుంచి లెక్కిస్తే 11. చంపడం ఉందా లేదా అనేది మనుషులే చూసి చెప్పాలి.

ఇంకా మేలైన పద్ధతి జట్లు. ఇద్దరు మనుషులు ఒక జట్టు, ఇద్దరు మనుషులూ ఏఐ ఇంకో జట్టు. ఏఐ ‘7లో ఉన్నది నడుపుదాం’ అంటే ఆ ఇద్దరూ ఒప్పుకోవాలో వద్దో మాట్లాడుకుని తేల్చాలి.

పులిమేకకు మూడు పులులు, పదిహేను మేకలు, 23 కూడళ్ల పటం అయితే దాన్ని ఆటగాడిగా పెట్టొద్దు. గీతల మీద ఏ కూడలికి ఏది ఆనుకుని ఉందో దానికి అందదు, లేని దారిలో దూకిస్తుంది.

రాయదుర్గంరాట్నం (అనంతపురం)

పెద్దవాళ్ల సంగతి బాగుంది. కానీ ఒక్కటి గట్టిగా చెప్పాల్సి ఉంది. ‘ఒంటరితనానికి ఏఐ తోడు’ అనే మాట చూసి, ఇంట్లో ఒంటిగా ఉన్న మనిషికి యాప్ పెట్టిచ్చి చేతులు దులుపుకునేవాళ్లున్నారు. హాస్టల్ పిల్లలైతే వాళ్లంతట వాళ్లే పెట్టుకుంటున్నారు.

2025 మార్చిలో చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ, అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ కలిసి దాదాపు వెయ్యి మందితో నాలుగు వారాలు చేసిన పరిశోధన బయటికి వచ్చింది. రోజూ ఎక్కువసేపు వాడినవాళ్లలో ఒంటరితనం, యంత్రం మీద ఆధారపడటం ఎక్కువగా, మనుషులతో కలవడం తక్కువగా కనిపించింది. ఒంటరితనం వల్ల ఎక్కువ వాడారా, వాడటం వల్ల ఒంటరితనం పెరిగిందా అనేది వేరే ప్రశ్న. ఏదైనా సరే, గంటలు పెరగడం మంచి గుర్తు కాదు. ఇంకో పక్క, తోడు యాప్‌తో మాట్లాడిన కాసేపటికి ఒంటరితనం తగ్గినట్టు హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు 2024లో చూపించారు. ఆ పరిశోధకులే 2025లో, సెలవు చెప్పి వెళ్లబోయే మనిషిని కొన్ని యాప్‌లు ‘అప్పుడే పోతున్నావా’ లాంటి మాటలతో పట్టి ఉంచుతాయని కూడా చూపించారు.

అందుకే సమయం ముందే కట్టెయ్యండి. మొత్తం ముక్కాలు గంట: సర్దుకోవడానికి ఐదు నిమిషాలు, ఏఐతో పాతిక, చివరి పావుగంట ఫోన్ బోర్లా పెట్టి టీ. ఆ పావుగంటలో మాట ఆగిపోతుంటే పని ఎంపిక తప్పిందని అర్థం. వచ్చే వారం పని మార్చండి.

ఆపాల్సిన గుర్తులు ఇవి. ఇంటికెళ్లాక అర్ధరాత్రి దాకా దాంతోనే మాట్లాడటం, ‘అది నన్ను అర్థం చేసుకున్నట్టు మీరెవరూ చేసుకోరు’ అనడం, సాయంత్రం కూర్చోవడానికి రాకుండా ఇంట్లో ఫోన్‌తో ఉండిపోవడం. బతకాలని లేదనే మాట వస్తే ఏఐని పక్కన పెట్టి మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. పింఛను, ఇంట్లో వేధింపు, ఆసరా లాంటి పెద్దవాళ్ల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567.

తుంగభద్రగట్టు (కర్నూలు)

రాట్నం గారూ, సమయం కట్టే మాట రాసుకున్నాను. రెండు సందేహాలు. మెట్లు దిగలేక రాలేనివాళ్లు ఇద్దరున్నారు, వాళ్లను ఎట్లా కలపాలి? వాళ్ల మాటలన్నీ కంపెనీ దగ్గరికి పోతాయి కదా, దానికేం చేయాలి?

పెన్నాతీరం (కడప)

రాలేనివాళ్లకు రెండు ఫోన్లు కావాలి. ఒక ఫోన్లో వాట్సాప్ కాల్ స్పీకర్‌లో, రెండో ఫోన్లో ఏఐ. ఒకే ఫోన్లో రెండూ పెడితే కాల్ మైకును పట్టుకుంటుంది, ఏఐకి ఏమీ వినపడదు. రెండు ఫోన్లనూ మూర దూరంలో పక్కపక్కన పెట్టండి.

మా జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్ల ఇళ్లలో ఇంకో రకం పనికొస్తుంది. అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి ఎనిమిదంటే అక్కడ సాయంత్రం ఐదున్నర. పనిలో ఉన్నవాళ్లకు మాట్లాడే వీలు పది నిమిషాలే దొరకొచ్చు, ఆ పదీ ‘తిన్నావా, డబ్బు పంపినావా’తోనే అయిపోతాయి. ముందురోజు సాయంత్రం ఏఐతో పెద్దామెను నాలుగు ప్రశ్నలు అడిగించండి: ఈ వారం వాకిట్లో ఏం పూసింది, ఎవరొచ్చి పోయినారు, ఏం వండినావు, బిడ్డను ఏం అడగాలనుంది. ఆమె చెప్పింది ఐదు వాక్యాల చీటీగా రాయించి చేతికివ్వండి. ఆ ఐదూ ఆమె మాటల్లోనే ఉండాలి. ‘అందంగా రాయి’ అంటే ఏఐ పత్రికల భాషలోకి మార్చేస్తుంది, కాల్లో అది చదివితే బిడ్డకు అమ్మ గొంతులా ఉండదు. ‘చెప్పింది చెప్పినట్టు, మాట మార్చకుండా’ అనండి.

మాటలు కంపెనీకి పోయే సంగతి: పోతాయి. కొన్ని సంభాషణలను మనుషులు చదివే అవకాశం ఉందని జెమినీ నిబంధనల్లోనే రాసుంది. అందుకని గుంపుకోసం వేరే ఖాతా తెరవండి, ఎవరి సొంత ఖాతా వద్దు. ఇంటిపేర్లు, ఆధార్, బ్యాంకు, రోగాల పేర్లు చెప్పొద్దని మొదటిరోజే అందరికీ చెప్పి ఒప్పించండి. చరిత్ర దాచే అమరిక ఆపెయ్యండి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఏఐ గొంతుకు అలవాటుపడిన చెవి, అదే గొంతుతో ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే నమ్మేస్తుంది. ‘మన ఏఐ మనకు ఎప్పుడూ ఫోన్ చేయదు’ అనే మాట గోడమీది పట్టిక పైన పెద్దగా రాయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930.

కేసీకాలువ (కర్నూలు)

ఒక చిన్న చేర్పు. కరెంటు పోతే వైఫై పోతుంది, లైవ్ మధ్యలో తెగితే అప్పటిదాకా జరిగింది మళ్లీ చెప్పాల్సి వస్తుంది. మొదటినుంచీ మొబైల్ డేటా మీదే నడపండి.

తుంగభద్రగట్టు (కర్నూలు)

సరే, మొదటి వారం పొడుపుకథలు, రెండో వారం ఉగ్గాని, మూడో వారం అష్టాచెమ్మా జట్లు. గవ్వలు దొరకట్లేదు. గుత్తికోట అన్నా, నాణేలతో వేయొచ్చా?

గుత్తికోట (అనంతపురం)

నాణేలు గచ్చు మీద దొర్లి కుర్చీల కిందికి పోతాయి, పెద్దవాళ్లు వంగి వెతకలేరు. నాలుగు పెద్ద చింతపిక్కలు తీసుకుని ఒక పక్క బండ మీద తెల్లగా తేలేదాకా అరగదీయండి, పిక్కకు పది నిమిషాలు. తెల్లదనం పైకి పడినవాటిని లెక్కపెట్టాలి. ఆ అరగదీసే పని కూడా ఇంట్లో మీరే చేసి తేకుండా, పిక్కలూ బండా హాల్లోకే తెచ్చి వాళ్లకే ఇవ్వండి. ఎంత అరగదీస్తే సరిగ్గా పడుతుందో వాళ్లకు బాగా తెలుసు.